గుప్పెడు గింజల సాక్ష్యం

అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య సముద్రం అడ్డున్నప్పుడు, సరుకును కళ్లారా చూసి, గుప్పిట్లోకి తీసుకుని, రెండు గింజలు నోట్లో వేసి కొరికి బేరం తేల్చుకునే పద్ధతి చెల్లదు. కాకినాడ రేవులో ఓడకెక్కిన బియ్యం పశ్చిమాఫ్రికాలోని బెనిన్ దేశపు కొటొనౌ రేవుకు చేరేసరికి వారాలు గడిచిపోతాయి కనుక, సరుకు ఇంకా నీటి మీద ఉండగానే దాని తాలూకు సొమ్ము చేతులు మారుతుంది. కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీని లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటారు. ఈ హామీని నడిపించే అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్యాంకుకు పత్రాలతోనే తప్ప సరుకుతో నిమిత్తం లేదు. అడిగిన పత్రాలన్నీ అడిగిన రీతిలో ఉంటే బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది, సంచుల్లో ఏముందన్నది దాని లెక్కలోకి రాదు. పైగా అనేక ధాన్యపు ఒప్పందాల్లో ‘ఎక్కింపు రేవులో తేలిన నాణ్యతే తుది’ అన్న షరతు ఉంటుంది, అంటే మోసం రుజువైతే తప్ప దిగుమతి రేవులో కొత్తగా పరీక్ష జరిపి పాత ఫలితాన్ని కాదనడానికి వీలుండదు. ఈ రెండు కట్టుబాట్లు కలిసి ఎక్కింపు రేవులో రాసే నాణ్యతా ధ్రువపత్రానికి అసాధారణమైన బరువును కట్టబెట్టాయి. ఆ పత్రం ఎవరు రాస్తారు, దేన్ని చూసి రాస్తారు, ఎవరి డబ్బుతో రాస్తారు అన్న ప్రశ్నలు అందువల్ల కేవలం వ్యాపారుల గొడవగా మిగిలిపోవడానికి తగనివి.

భారతదేశం 2011–12 తర్వాత ప్రపంచంలో అత్యధికంగా బియ్యం ఎగుమతి చేసే దేశంగా నిలిచింది. 2022–23లో బాస్మతి, బాస్మతేతర రకాలు కలిపి 2 కోట్ల 20 లక్షల టన్నులకు పైగా బియ్యం దేశం దాటింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో ఇది దాదాపు 40 శాతం. బాస్మతేతర బియ్యానికి తూర్పు తీరంలో కాకినాడ ప్రధాన ద్వారం. ఉభయ గోదావరి జిల్లాల మిల్లుల నుంచే కాక తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూడా లారీల్లోనూ రైలు వ్యాగన్లలోనూ బియ్యం ఇక్కడికి చేరుతుంది. హోప్ ఐలండ్ అడ్డుగా నిలవడం వల్ల ప్రశాంతంగా ఉండే అఖాతంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేస్తాయి, గోనె సంచులు నింపుకున్న బార్జీలు వాటి దగ్గరికి వెళ్తాయి. ఈ లంగరు రేవు మీద ఒత్తిడి పెరిగి ఓడలు వారాల తరబడి ఎదురుచూడాల్సి రావడంతో 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పక్కనున్న లోతునీటి రేవును కూడా బియ్యానికి తెరిచింది.

ఒక ఓడ కదలాలంటే అవసరమయ్యే పత్రాలు పలు రకాలు, వాటిలో ప్రతిదీ వేరే ప్రశ్నకు జవాబు. ఓడ గదులు శుభ్రంగా, పొడిగా ఉన్నాయని, వెనకటి సరుకు తాలూకు మిగులు గానీ వాసన గానీ లేదని చెప్పేది ఒకటి. పురుగు చంపడానికి అల్యూమినియం ఫాస్ఫైడ్ వంటి మందుతో పొగ పట్టించారని చెప్పేది మరొకటి. సరుకు వెంట తెగుళ్లు, పురుగులు పరాయి దేశానికి పాకడం లేదని హామీ ఇచ్చేది ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం. 1951 నాటి అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒడంబడికను అనుసరించి దీన్ని ప్రభుత్వమే ఇవ్వాలి, భారతదేశంలో కేంద్ర మొక్కల సంరక్షణ, క్వారంటైన్ విభాగం ఇస్తుంది. ఈ పత్రం ఉన్నా సరుకు ఒడ్డు దిగుతుందన్న భరోసా లేదన్న సంగతి 2022 మే నెలలో టర్కీ దాదాపు 57 వేల టన్నుల భారతీయ గోధుమలను మొక్కల ఆరోగ్య కారణాలు చూపి తిప్పిపంపినప్పుడు తెలిసివచ్చింది. ఇక బియ్యంలో నూక ఎంత, తేమ ఎంత, రంగు మారిన గింజలెన్ని, తూకం ఎంత అన్నవాటికి జవాబిచ్చేది నాణ్యత, తూకపు ధ్రువపత్రం. ఆఫ్రికాకు వెళ్లే బియ్యం విషయంలో దీన్ని సాధారణంగా ప్రభుత్వం ఇవ్వదు, కొనేవారో అమ్మేవారో నియమించుకున్న ప్రైవేటు సర్వే సంస్థ ఇస్తుంది.

సర్వే వృత్తి కొత్తది కాదు, తనంత తాను నీచమైనదీ కాదు. నేడు ప్రపంచమంతటా పేరున్న ఎస్‌జీఎస్ సంస్థ 1878లో ఫ్రాన్సులోని రువాన్ రేవులో ధాన్యపు ఓడలను తనిఖీ చేసే చిన్న సంస్థగానే మొదలైంది. అదే ఏడాది లండన్‌లో ఏర్పడిన ధాన్య వర్తకుల సంఘం నమూనా ఒప్పంద పత్రాలను, తగవులు తీర్చే పద్ధతిని అమల్లోకి తెచ్చింది. ఆ సంఘమే 1971లో మరో సంఘంతో కలిసి గాఫ్టా అయింది. నమూనాలు ఎలా తీయాలి, ఎలా కలపాలి, ఎలా ముద్ర వేయాలి అన్న విషయాలకు గాఫ్టా 124వ సంఖ్య నియమావళి నేటికీ ప్రామాణికంగా ఉంది. వ్యాపారులు తమలో తాము నిర్మించుకున్న ఈ క్రమశిక్షణ గౌరవించదగినదే. అయితే దాని బలమంతా నమూనా తీసే ఒక్క క్షణం మీద ఆధారపడి ఉన్నందువల్ల, ఆ క్షణాన్ని దగ్గరగా చూడవలసి ఉంది.

పాతిక వేల టన్నుల బియ్యం 50 కిలోల సంచుల్లో ఉంటే అవి 5 లక్షల సంచులవుతాయి. గోదాములోనో బార్జీ మీదో, కళాసీలు సంచులు మోస్తుండగా, సర్వేయరు మనిషి ఒక చివర మొన దేలి ఉండే బోలు ఇనుప గొట్టాన్ని సంచిలోకి గుచ్చి, గాడి వెంట జారివచ్చే గుప్పెడు గింజలను పట్టుకుంటాడు. అలా వందల, వేల సంచుల నుంచి వచ్చిన గింజలను ఒకచోట కుప్పపోసి, బాగా కలిపి, కుప్పను నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లను మాత్రం ఉంచి, మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేసి, క్రమంగా తగ్గిస్తూ పోతారు. ప్రయోగశాల బల్ల మీద పళ్లెంలోకి చివరికి 25 గ్రాములు వచ్చాయనుకుంటే, అది మొత్తం సరుకులో వంద కోట్ల వంతుల్లో ఒక వంతు. గింజల లెక్కన వెయ్యికి కాస్త పైమాట. పరీక్షించే మనిషి చిమటాతో ఒక్కో గింజను పక్కకు జరుపుతూ ముప్పాతిక పొడవు కంటే తక్కువ ఉన్నదాన్ని నూకలోకి, పసుపు తిరిగినదాన్ని రంగు మారినవాటిలోకి, పొట్ట తెల్లబడి సుద్దలా ఉన్నదాన్ని వేరొక కుప్పలోకి చేర్చి, ఒక్కో కుప్పను తూచి శాతం కడతాడు. తెగిన గింజ ముప్పాతికకు పైన ఉందా, లోపల ఉందా అన్నది కంటి అంచనాకు ఎంత సన్నని తేడాయో ఆ బల్ల ముందు కూర్చున్నవారికే తెలుస్తుంది.

ఈ పనిలో పొరపాట్లు రెండు జాతులవి, వాటిని విడదీసి చూడకపోతే చర్చ ముందుకు సాగదు. మొదటిది యాదృచ్ఛికమైన పొరపాటు. నిజంగా 25 శాతం నూక ఉన్న సరుకులోంచి నిజాయితీగానే తీసిన వెయ్యి పైచిలుకు గింజల పళ్లెం ఒకసారి 23 శాతం చూపవచ్చు, మరొకసారి 27 చూపవచ్చు. నమూనాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ ఊగిసలాట సర్దుకుంటుంది. రెండోది ఒకే పక్కకు ఒరిగే పొరపాటు. గొట్టం సంచి మూతి దగ్గరే గుచ్చుకుంటూ అడుగుకు చేరకపోతే, లారీ వెనక వరుస సంచులనే ప్రతిసారీ ముందుకు నెడితే, నమూనా కుప్ప కలిపే గదిలో సరుకు యజమాని మనిషి మాత్రమే ఉంటే, వెయ్యి నమూనాలు తీసినా పదివేలు తీసినా తప్పు తగ్గదు, పైగా సంఖ్య పెద్దదైనందువల్ల ఆ తప్పుకు విశ్వసనీయత అబ్బుతుంది. ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా దాని ముందుకు వచ్చిన గింజల గురించే అది నిజం చెబుతుంది. ధాన్యం నాణ్యతకు సంబంధించిన మోసాలు చాలావరకు రసాయనశాస్త్రంలో జరగవు, గొట్టం గుచ్చే చోట జరుగుతాయి.

ఈ విషయాన్ని ప్రపంచానికి బహిరంగంగా నేర్పిన దేశం అమెరికా. అక్కడ 1916లోనే ధాన్య ప్రమాణాల చట్టం వచ్చింది. గోధుమకూ మొక్కజొన్నకూ దేశమంతటా ఒకే శ్రేణులు ఏర్పడ్డాయి, తనిఖీ చేసేవారికి ఫెడరల్ ప్రభుత్వమే లైసెన్సులిచ్చింది. కానీ ఆ తనిఖీదారులు జీతం తీసుకునేది మాత్రం వర్తక సంఘాల దగ్గర, ప్రైవేటు తనిఖీ సంస్థల దగ్గర, కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వాల దగ్గర. లైసెన్సు ఒకరిది, జీతం మరొకరిది అయిన ఈ ఏర్పాటు ఆరు దశాబ్దాల పాటు సాగి, సోవియట్ యూనియన్‌కూ ఇతర దేశాలకూ అమెరికా ధాన్యం వరదలా పారిన 1970ల్లో బద్దలైంది. న్యూ ఆర్లియన్స్ కేంద్రంగా మెక్సికో అఖాతం రేవుల్లో 1975లో జరిగిన దర్యాప్తుల్లో, మురికి ఓడ గదులకు శుభ్రమైనవని పత్రాలు రాయడానికి లంచాలు తీసుకున్న తనిఖీదారులు, తక్కువ శ్రేణి ధాన్యానికి ఎక్కువ శ్రేణి కట్టిన పత్రాలు, తూకంలో కోత పెట్టి విదేశీ కొనుగోలుదారుకు పూర్తి లెక్క చూపిన ఉదంతాలు బయటపడి, తనిఖీదారుల మీదే కాక కంపెనీల మీద కూడా నేరారోపణలు నమోదయ్యాయి. డెమాయిన్ రిజిస్టర్ పత్రిక విలేకరి జేమ్స్ రిసర్ ఈ అవినీతిని బయటపెట్టినందుకు 1976లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు.

అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో చట్టం మారి ఫెడరల్ ధాన్య తనిఖీ సేవ ఏర్పడింది. ఎగుమతి రేవుల్లో తనిఖీ, తూకం ఈ సంస్థ చేతుల్లోకి గానీ అది అధికారమిచ్చిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతుల్లోకి గానీ వెళ్లాయి, ప్రైవేటు సంస్థలకు అక్కడ చోటు లేకుండా పోయింది. మనిషి గుచ్చే గొట్టానికి బదులు, ఓడలోకి జారే ధాన్యపు ధారను నిర్ణీత వ్యవధికొకసారి అడ్డంగా కోసి కొంత పక్కకు మళ్లించే యంత్రం నమూనా తీసే పనిని చేపట్టింది. ఏ గింజ నమూనాలోకి రావాలన్నది ఎవరి చేతి మీదా ఆధారపడకపోవడమే ఆ యంత్రపు విశేషం. సేవకయ్యే ఖర్చును ఎగుమతిదారులే రుసుముగా చెల్లిస్తారు, అయినా తనిఖీదారును ఎంచుకునే హక్కు వారికి లేదు. డబ్బు ఎవరిచ్చారన్న దానికంటే, మనిషిని ఎవరు ఎంచుకున్నారన్నదే నిర్ణాయకమైన విషయమని 1976 చట్టం గుర్తించింది, దాని అసలు వివేకం అక్కడే ఉంది.

అయినా కొనుగోలుదారుల ఫిర్యాదులు ఆగలేదన్నది ఈ చరిత్రలో తక్కువమంది పట్టించుకునే అధ్యాయం. అమెరికా రెండో శ్రేణి మొక్కజొన్నలో విరిగిన గింజలు, చెత్త కలిసి 3 శాతం దాకా ఉండవచ్చు. పొలం నుంచి అంతకంటే శుభ్రంగా వచ్చిన ధాన్యానికి రేవు గోదాముల్లో చెత్తను, దుమ్మును తిరిగి కలిపి సరిగ్గా 3 శాతపు గీత దగ్గరికి తెచ్చి ఎక్కించేవారు. తనిఖీదారు నిజాయితీగా తూచి, నిజాయితీగా రెండో శ్రేణి అని రాసేవాడు. ఒకసారి వేరుచేసిన దుమ్మును, చెత్తను మళ్లీ ధాన్యంలో కలపరాదని శాసించడానికి 1986లో వేరే చట్టం చేయవలసి వచ్చింది. కాకినాడ బియ్యానికి ఈ సంగతి దగ్గర చుట్టం. 5 శాతం నూక, 25 శాతం నూక అన్నవే ఎగుమతి వ్యాపారంలో సరుకు పేర్లు కనుక, మిల్లులో పొడవుల వారీగా గింజలను విడదీసి, ఒప్పందంలో రాసుకున్న శాతానికి నూకను తిరిగి కలపడం ఇక్కడ మోసం కాదు, అదే ఉత్పత్తి విధానం. గీత ఎక్కడ గీశారన్నది సరుకు స్వభావాన్ని నిర్ణయిస్తుంది, గీతకు అటూ ఇటూ ఉన్న రెండు శాతాల తేడా పళ్లెంలోని వెయ్యి గింజల ఊగిసలాటలోనే దాక్కోగలదు.

భారతదేశంలో ఇందుకు తగిన చట్టం లేదనడానికి వీల్లేదు. ఎగుమతి నాణ్యత నియంత్రణ, తనిఖీ చట్టం 1963లోనే వచ్చింది. ఏ సరుకునైనా ఎగుమతికి ముందు తప్పనిసరి తనిఖీ కిందికి తెచ్చే అధికారం కేంద్రానికి అది ఇచ్చింది, దాని కింద ఎగుమతి తనిఖీ మండలి, చెన్నై సహా ఐదు నగరాల్లో తనిఖీ ఏజెన్సీలు ఏర్పడ్డాయి. బియ్యం విషయంలో ఈ ఏర్పాటు ప్రధానంగా ఐరోపా దిశగా మొహం తిప్పుకుని ఉంది. ఐరోపా సమాఖ్య దేశాలకు వెళ్లే బియ్యానికి ఈ ఏజెన్సీల ధ్రువపత్రం కావాలి, ఎందుకంటే అక్కడ సరుకు దిగగానే ప్రభుత్వ ప్రయోగశాలలు మళ్లీ పరీక్షిస్తాయి. వరికి అగ్గి తెగులు సోకినప్పుడు రైతులు చల్లే ట్రైసైక్లజోల్ మందు అవశేషాల పరిమితిని ఐరోపా కిలోకు ఒక మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు, అంటే వందో వంతుకు కుదించినప్పుడు, ఆ కుదుపు రేవు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి చేను గట్టు దాకా పాకింది. బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్ వంటి దేశాలకు అంతకు ఎన్నో రెట్లు బాస్మతేతర బియ్యం వెళ్తున్నా, ఆ బియ్యానికి ఇలాంటి అధికారిక నాణ్యతా పత్రం అవసరం కాలేదు. గట్టిగా అడగగల కొనుగోలుదారుకు ఒక పత్రం, ఆదాయంలో పెద్ద భాగం తిండికే పోయే కుటుంబాల దేశాలకు మరొక పత్రం అన్న ఈ వ్యత్యాసం ప్రపంచ బియ్యపు సంతలో పెద్ద అంగడి తెరిచిన దేశానికి గౌరవం తెచ్చేది కాదు.

ధ్రువపత్రం తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుందన్న సంగతిని 2024 నవంబరులో కాకినాడ మళ్లీ గుర్తుచేసింది. పశ్చిమాఫ్రికాకు వెళ్లవలసిన ఓడలో పేదలకు అందవలసిన రేషన్ బియ్యం ఉందని అధికారులు గుర్తించడం, ఉప ముఖ్యమంత్రి స్వయంగా రేవుకు వెళ్లడం దేశమంతటా వార్తలయ్యాయి. నూక, తేమ, పురుగు, తూకం ఈ నాలుగింటి దృష్ట్యా చూస్తే రేషన్ బియ్యం పరీక్షలో తప్పనవసరం లేదు; బియ్యంగా అది బియ్యమే, దాని దోషం దాని పుట్టుకలో కాక అది నడిచివచ్చిన దారిలో ఉంది. ఆ దారిని పట్టి ఇచ్చే ఆనవాలు వేరొక కారణంతో గింజల్లోకి చేరింది. 2024 మార్చి నాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతటిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ చేర్చి తయారుచేసిన బలవర్ధక గింజలను నూటికి ఒకటి చొప్పున కలపడం పూర్తయింది. బియ్యపు పిండితో మళ్లీ గింజ ఆకారంలో అచ్చుపోసిన ఈ గింజ మామూలు కంటికి బియ్యంలో కలిసిపోతుంది, కానీ పలుచని ఆమ్లంతో పాటు పొటాషియం థయోసయనేట్ ద్రావణం చుక్కలు పడగానే లోపలి ఇనుము వల్ల ఎర్రబారుతుంది. తెల్లని పళ్లెంలో నూరు గింజల మధ్య ఒక గింజ ఎర్రగా తేలడం నిమిషాల పని. రక్తహీనత తగ్గించడానికి చేర్చిన ఇనుము దొంగ రవాణాకు సాక్షిగా నిలవగలదని తెలిశాక కూడా, ఎక్కింపు రేవులో తీసే ప్రతి నమూనాకూ ఈ చౌక పరీక్షను జోడించకపోవడానికి సరైన కారణం కనిపించదు.

కొలమానం పట్ల కఠినత్వం దేశంలో లేకపోలేదు, అది గొలుసు మొదటి కొస దగ్గరే పేరుకుపోయింది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే రైతు మళ్లీ రోడ్డు మీదో కళ్లంలోనో ఎండబోయాలి, అకాల వర్షం పడితే రంగు మారిన గింజలకూ మొలకెత్తిన గింజలకూ సడలింపు కోసం ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు నడిచేదాకా టార్పాలిన్ కప్పి కాపలా కాయాలి. ఒక్క శాతం తేమకు రైతు రోజుల తరబడి కళ్లంలో పడిగాపులు కాస్తుంటే, ఆ ధాన్యమే బియ్యమై ఓడకెక్కే చోట లక్షల సంచుల నాణ్యత సరుకుతో లాభపడేవారు ఎంచుకున్న మనిషి మాట మీద నిలబడి ఉంది.

ప్రభుత్వ తనిఖీని తప్పనిసరి చేస్తే ఓడలు ఆగిపోతాయని, రోజుకు వేల డాలర్ల నిలుపుదల రుసుము, అంటే డెమరేజి, మీద పడుతుందని, తనిఖీదారు బల్ల దగ్గర కొత్త లంచాలు పుడతాయని ఎగుమతిదారులు చెప్పే అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. న్యూ ఆర్లియన్స్‌లో లంచం తీసుకున్నవారి జేబుల్లో కూడా ఫెడరల్ లైసెన్సులు ఉన్నాయి. ప్రతి ఓడకూ ప్రభుత్వోద్యోగి చేత గింజలు లెక్కపెట్టించడం వల్ల మంచి జరుగుతుందన్న హామీ లేదు. సర్వే సంస్థల నైపుణ్యం వదులుకోవలసిందీ కాదు. మార్చవలసింది నమూనా చుట్టూ ఉన్న ఏర్పాటును. ఏ ఓడకు ఏ సర్వే సంస్థ వెళ్లాలన్నది వ్యాపారులు కాక 1963 చట్టం కింది ఏజెన్సీ వంతుల వారీగా నిర్ణయించవచ్చు. రుసుము ఎగుమతిదారే కట్టవచ్చు. బార్జీ వద్ద ఏ వరుసలోని ఎన్నో సంచిలో గొట్టం గుచ్చాలన్నది ముందుగా ఎవరికీ తెలియకుండా అక్కడికక్కడ చీటీ తీసి తేల్చవచ్చు. లోతునీటి రేవులో సంచులు లేకుండా రాశిగా ఎక్కించే సరుకు ఉంటే ధారను కోసే యంత్రం పెట్టవచ్చు.

వీటన్నిటికంటే ముందుగా, ఖర్చు దాదాపు లేకుండా చేయగలిగింది మరొకటి ఉంది. నమూనా కుప్పను చివరిగా భాగాలు చేసేటప్పుడు అమ్మేవారికొకటి, కొనేవారికొకటి, సర్వేయరు దగ్గర దాచడానికొకటి చొప్పున ముద్ర వేసి కట్టడం వాడుక; తగవు వచ్చినప్పుడు మూడో సంచి విప్పుతారు. ఆ మూడో సంచి పత్రం రాసిన చేతిలోనే ఉండడం వల్ల, పత్రం మీద అనుమానం కలిగిన రోజున సాక్షి, ముద్దాయి ఒకరే అవుతారు. కాకినాడలో ఇప్పటికే ఉన్న క్వారంటైన్ కార్యాలయంలో గానీ పౌరసరఫరాల అధికారుల ప్రయోగశాలలో గానీ చెమ్మ తగలని ఒక గది, ఓడ పేరు, గది సంఖ్య, తేదీ రాసిన డబ్బాలు పెట్టే అరలు, మధ్యవర్తిత్వపు గడువు తీరేదాకా వాటిని తెరవనివ్వని రెండు తాళాలు ఉంటే చాలు. ఒక తాళంచెవి ఆ కార్యాలయంలో, రెండోది కొనుగోలుదారు ప్రతినిధి దగ్గర ఉండాలి. కొటొనౌలో సంచి విప్పిన వర్తకుడు నూక ఎక్కువైందని అన్ననాడు, ఆ డబ్బా మూత తీసి, పళ్లెంలో పోసి, ఇరుపక్షాల ముందు మళ్లీ గింజ గింజా జరపడానికి అప్పుడు వీలవుతుంది.